పదహారు సంతకాలు

“కదలకమ్మా. మాట్లాడకు కూడా.”

“మాట్లాడితే ఏమవుతుందే?”

“అంకె మారిపోతుంది.”

తల్లి నోరు మూసుకుంది. కూతురు ఆవిడ కుడి చేతికి బీపీ పట్టీ మళ్లీ బిగించి, రబ్బరు బుడ్డి నొక్కి, స్టెతస్కోపు సర్దుకుని ముల్లు వంక చూసింది. ఇది మూడోసారి. మొదటిసారి తన చెవులే తప్పు విన్నాయనుకుంది. రెండోసారి పట్టీ వదులైందనుకుంది. మూడోసారికి నింద వేయడానికి ఏమీ మిగల్లేదు. పైది నూట తొంభై ఆరు, కిందిది నూట పది.

“ఎంత?” అంది తల్లి.

“కొంచెం ఎక్కువుంది.”

“కొంచెమంటే?”

“కొంచెమేనమ్మా.”

అబద్ధం చెప్పేటప్పుడు ఈ పిల్ల చేతులు ఊరుకోవు. పట్టీని చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. తల్లి ఆ చేతుల్ని చూసి గోడవైపు తిరిగి పడుకుంది.

కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఎడమ చేతిలోంచి గుడ్డ జారవిడిచి ఇవాళ్టికి ఆరు రోజులు. చిన్న పక్షవాతం అన్నారు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. మూతి సర్దుకుంది, చెయ్యి తిరిగొచ్చింది, అదృష్టవంతురాలివమ్మా అని ఇంటికి పంపారు. ఆ అదృష్టం ఎంతసేపుంటుందో మీటరు చూసినదానికి ఒక్కదానికే తెలుసు.

ఆసుపత్రికి ఫోను చెయ్యలేదా అంటే, చేసింది. పొద్దున్నే చేసింది. వార్డు నర్సు కాగితం తీసి చదివింది. “మీ అమ్మగారికి ఇదివరకు బీపీ లేదని డాక్టరుగారు రాశారు. వచ్చిన జబ్బు వల్ల పెరిగింది, దానంతటదే దిగుతుంది, ఈ వారం ఎక్కువ చూపించినా కంగారు పడి మాత్రలు వెయ్యొద్దు అని కూడా రాశారు. నువ్వూ నర్సింగు పిల్లవేగా, నీకు తెలియదా?”

“తెలుసు సిస్టర్” అని పెట్టేసింది.

ఇదివరకు బీపీ లేదని డాక్టరుకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పక్కర్లేదు. నాన్న చూపించిన ఫైలు చెప్పింది.

*

“ఈ మంచంలో రోగి ఎవరో, చూసే మనిషెవరో నాకైతే తెలియడం లేదు” అంటూ పెద్దమ్మ గదిలోకి వచ్చింది. చెల్లెలికి ఒంట్లో బాగాలేదని వచ్చి వంటింటిని తన అధీనంలోకి తెచ్చుకున్న మనిషి. ఉప్పు డబ్బా పై అరలో దాచి, ఆ అర కింద ఉన్న స్టూలు కూడా తీసేసింది.

“నీ మొహం అద్దంలో చూసుకున్నావుటే? బుగ్గలు లోపలికి పోయాయి. పొద్దున్న ఏం తిన్నావు?”

“టీ తాగాను పెద్దమ్మా.”

“టీ తినే వస్తువు కాదు.”

“అలవాటు లేదు పెద్దమ్మా పొద్దున్న తినడం.”

అది మాత్రం నిజం. హాస్టల్లో టిఫిను ఏడింటికి పెడతారు. వార్డులో హాజరు ఆరున్నరకి. ఈ రెండింటినీ కలిపే మొనగాడు మూడేళ్లలో ఆ కాలేజీలో పుట్టలేదు. ఖాళీ కడుపుతో వెళ్లి, చక్కెర జబ్బు వాళ్ల పక్కన నిలబడి, “వేళకి తినాలండీ, పూట మానకూడదు” అని బొమ్మలు చూపించి పాఠం చెప్పి వచ్చేవారు నలభై మంది పిల్లలు. మధ్యాహ్నం క్లాసు, సాయంత్రం మళ్లీ వార్డు, ఆ తర్వాత రికార్డులు రాయడం. నిద్ర ఎప్పుడంటే, ఎక్కడ ఆనుకుంటే అక్కడ.

“పదహారు సార్లు వచ్చిందట ఇంటికి” అంది పెద్దమ్మ, కిటికీ తెర లాగుతూ. “మరిదిగారు ఆసుపత్రిలో కనపడినవాళ్లకల్లా చెబుతున్నారు. మా అమ్మాయి నెలకి రెండుసార్లు వచ్చి వాళ్లమ్మకి బీపీ చూసి ఫైల్లో రాసింది అని. నేనుండేది మూడు వీధుల అవతల. ఒక్కసారైనా నా గుమ్మం తొక్కలేదేమే?”

కూతురు పట్టీ విప్పి మళ్లీ చుట్టింది.

“ఆయన పనికెళ్లాక వచ్చి, వెంటనే వెళ్లిపోయేది అక్కా” అంది తల్లి గోడవైపు నుంచే. “దానికెక్కడ తీరిక?”

“పదహారు సార్లూనా?”

“పదహారు సార్లూ.”

పెద్దమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆవిడ నోరు పెద్దదే గానీ చూపు అంతకంటే పెద్దది. ఏదో అనబోయి మానేసి, “కూర అడుగంటుతోంది” అని వెళ్లిపోయింది. కూర ఇంకా పొయ్యెక్కలేదు.

*

తలుపు దగ్గరగా వేసి కూతురు మంచం పట్టె మీద కూర్చుంది.

“అమ్మా, నాన్నకి చెప్పేస్తాను.”

“ఏమని?”

“ఒక్కసారి కూడా కొలవలేదని.”

తల్లి గబుక్కున ఇటు తిరిగింది. “నీకేమైనా మతిపోయిందా చిన్నీ? ఆ ఫైలు మీదే కదా నీ మార్కులన్నీ?”

అవును, దాని మీదే. చివరి ఏడు ప్రతి విద్యార్థినీ ఒక కుటుంబాన్ని తీసుకోవాలి. ఎనిమిది నెలలు, నెలకి రెండుసార్లు ఆ ఇంటికి వెళ్లి బీపీ, బరువు చూసి, తిండీ నిద్రా కనుక్కుని రాయాలి. ప్రతి రాకకీ ఆ ఇంటివాళ్ల సంతకం కావాలి. బస్సులో గంటన్నర వెళ్లి తెలియని వాళ్ల గుమ్మంలో నిలబడే ఓపిక లేక ఈ పిల్ల తన ఇంటినే తీసుకుంది. ఆ తర్వాత తన ఇంటికి వచ్చే ఓపిక కూడా లేకపోయింది.

అంకెలు హాస్టలు మంచం మీద కూర్చుని రాసింది. ఎంత శ్రద్ధగా రాసిందంటే, ముల్లు మీటరు మీద గీతలు రెండేసి చొప్పున ఉంటాయి కాబట్టి బేసి అంకె ఒక్కటీ పడకుండా చూసుకుంది. నూట పద్దెనిమిది, నూట ఇరవై రెండు, నూట ఇరవై. ఒక నెల కొంచెం పెంచి, పై నెల “ఉప్పు తగ్గించమని సలహా ఇచ్చాను” అని రాసి, ఆ పై నెల దించింది. మేడమ్ ఆ పేజీ క్లాసులో అందరికీ చూపించింది.

“సంతకాలు పెట్టింది నేను” అంది తల్లి. “తప్పులో సగం నాది. నా సగం నేను మోస్తాను. నీ సగం కూడా నా మీదే పడేయ్, ఏం కాదు.”

“నువ్వేం చేశావమ్మా? నేను కాగితాలిస్తే పెట్టావు.”

“నువ్విచ్చావా? నీకేం గుర్తుంది? పళ్లెం ముందు కూర్చుని ముద్ద చేతిలో ఉండగానే నిద్రపోయావు. చెయ్యి కడిగింది నేను. సంచిలోంచి కాగితాలు తీసింది నేను. ‘సంతకాలేగా, పెట్టేస్తాను పడుకో’ అన్నాను. పదహారూ ఒకేసారి పెట్టేశాను.”

ఆ ఆదివారం కూతురికి బాగానే గుర్తుంది. గుర్తుంది కనకే ఈ ఆరు రోజులుగా అన్నం గొంతు దిగడం లేదు. నాలుగు నెలల కిందటి మాట అది. ఆ రోజు సంచిలో బీపీ మీటరు కూడా ఉంది. గుమ్మంలో అడుగు పెట్టగానే తల్లి రవిక చెయ్యి పైకి మడిచి, “ఏదీ, సిస్టరమ్మా, నా బీపీ చూడు” అని నవ్వుతూ చెయ్యి చాపింది. “తర్వాత చూస్తానమ్మా” అంది తను. ఆ తర్వాత మళ్లీ రాలేదు.

“అమ్మా, ఒకటడుగుతాను, నిజం చెప్పు. తలనొప్పి ఎప్పటినుంచి?”

తల్లి దుప్పటి అంచు సరిచేసుకుంది.

“అమ్మా.”

“వేసవి నుంచి.”

“ఏడు నెలలా? నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు ఫోనులో ఎలా మాట్లాడేదానివో నీకు తెలుసా? రెండు మాటలకి ఒక ఆవలింత. దానికితోడు నా తలనొప్పొకటా నీకు? తలకి గుడ్డ కట్టుకుని కుట్టుకునేదాన్ని. తగ్గేది.”

కూతురికి ఏడుపు వచ్చింది. ఇన్నాళ్లూ తనే తల్లి గురించి అబద్ధం రాసిందనుకుంది. తల్లి కూడా ఫోనులో “నాకేం, రాయిలా ఉన్నాను” అని తనకి అదే చేసింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరికి జాలితోనే ఇంతదూరం తెచ్చుకున్నారు. జాలిపడినందుకు ఎవర్ని తిట్టాలో ఆ పిల్లకి తోచలేదు.

“చెప్పొద్దు” అంది తల్లి. “ఇంకో ఏడు నువ్వా హాస్టల్లో ఉంటే నాకు నువ్వు మిగలవు. ఎల్లుండి మీ కాలేజీలో ఆ తనిఖీ అయిపోనీ. ఆ తర్వాత ఆలోచిద్దాం.”

*

పదకొండున్నరకి ఫోను మోగింది. కాలేజీ మేడమ్.

“అమ్మకెలా ఉందమ్మా?”

“పరవాలేదు మేడమ్.”

“ఫైలు మీ నాన్నగారి దగ్గరే ఉందిగా? రేపటికల్లా పంపించు. ఎల్లుండి తనిఖీ వాళ్ల ముందు మొదట పెట్టేది నీదే. ఆ విద్యార్థినుల ఆరోగ్యపు అలవాట్ల ఫారం కూడా, నువ్వు లేవని నీ పక్క మంచం పిల్ల చేత నింపించాను. నిద్ర ఏడు గంటలు, తిండి మూడు పూటలు, ఒత్తిడి తక్కువ, చదువుతో సంతృప్తి ఐదుకి నాలుగు. అందరికీ నాలుగే. ఐదు పెడితే నమ్మరు.”

“మేడమ్, ఆ ఫైల్లో బీపీలు...”

“ఏమైంది?”

“నేను...”

“నీ మనసు బాగాలేదు. ఇప్పుడేం మాట్లాడకు” అంది మేడమ్, గొంతు తగ్గించి.

“డాక్టరుగారు ఆ అంకెలు చూసే అమ్మకి మాత్రలు ఇవ్వలేదు మేడమ్.”

అటు వైపు తలుపు వేసిన చప్పుడైంది.

“విను. ఆ ఫైలు అబద్ధమని తేలితే నీకు ఏడాది పోతుంది. నీతో ఆగదు. నలభై మందివీ తెప్పిస్తారు. వాటిలో ఎన్ని నిలబడతాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. వాళ్లెవరి అమ్మలకీ ఏమీ కాలేదు, పాపం. వాళ్లనెందుకు ముంచుతావు?”

“మీకు తెలుసా మేడమ్?”

“నేనూ ఆ హాస్టల్లోనే చదువుకున్నానమ్మా” అంది మేడమ్. ఆ మాట చాలా అలసటగా అంది. “రేపటికల్లా ఫైలు పంపించు.”

ఆవిడ చెడ్డది కాదు. రెండో ఏడు ఈ పిల్ల వార్డులో కళ్లు తిరిగి పడితే తన డబ్బాలోంచి రొట్టె తీసి తినిపించింది ఆవిడే. తినిపించి, అరగంట తర్వాత డ్యూటీకి పంపింది. అంతకంటే చెయ్యగలిగింది ఆవిడ చేతిలో లేదు.

ఈ పిల్లకి ఆ పని ఇష్టం లేక కాదు. అక్కడే వచ్చింది చిక్కు. ఆపరేషనయిన ముసలాయనకి దిండు సర్ది, ఆయన మొహంలో నొప్పి తగ్గడం చూస్తే, ఆ రోజుకి ఆకలి కూడా గుర్తుండేది కాదు. అలాంటి అరగంట కోసం మిగతా పద్దెనిమిది గంటలూ భరించింది. సంతృప్తి ఎంత అని నిజంగా ఎవరైనా అడిగి ఉంటే ఏ అంకె వేసేదో తనకే తెలియదు.

*

తండ్రి పన్నెండింటికి భోజనానికి వచ్చాడు. ఊరి చివర లారీలు తూచే కాటా దగ్గర గుమస్తా. చొక్కా మీద సిమెంటు దుమ్ము, చంకలో ప్లాస్టిక్ కవరు, కవర్లో ఫైలు. ఆ ఫైలు మీద మాత్రం దుమ్ము లేదు.

“సిస్టరమ్మా, నీ ఫైలు జాగ్రత్తగా తెచ్చాను. మా మేనేజరుకి కూడా చూపించాను” అన్నాడు కాళ్లు కడుక్కుంటూ. “ముప్పై ఏళ్లుగా లారీల బరువు రాస్తున్నాను, ముల్లు చూడకుండా ఒక్క అంకె వెయ్యలేదు. ఆ గుణం నాతో పోతుందనుకున్నా. పోలేదు.”

పెద్దమ్మ పళ్లెం పెట్టింది. కూతురు నిలబడే ఉంది.

“నాన్నా, అమ్మని ఇప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.”

“వారం తర్వాత కదా రమ్మంది?”

“బీపీ నూట తొంభై ఆరుంది.”

ఆయన ముద్ద కలపడం ఆపాడు. తర్వాత మళ్లీ కలిపాడు. “కొన్నాళ్లు అలాగే ఉంటుందని డాక్టరు చెప్పాడుగా. అసలు బీపీ మనిషి కాదు, ఎనిమిది నెలల లెక్క నా కళ్లముందుంది, ఇంత శుభ్రమైన రికార్డు ఈమధ్య చూడలేదు అన్నాడు. నువ్వు చదువుకుంటున్నావు, ఆయన చదివేశాడు.”

“మీటరు తప్పయ్యుంటుందండీ” అంది తల్లి గదిలోంచి. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. “పాత మీటరు. నాకు బాగానే ఉంది. దానికి నిద్ర లేక కంగారు.”

కూతురు తల్లి మొహంలోకి చూసింది. నొప్పి కనపడకుండా ఎడమ కన్ను కొంచెం మూసి పెట్టుకుంది ఆవిడ. కుట్టుమిషను మీద ఏడు నెలలు అలాగే పెట్టుకుని ఉంటుంది.

“మీటరు తప్పు కాదు నాన్నా” అంది కూతురు. “ఫైలు తప్పు.”

“చిన్నీ” అంది తల్లి.

“అందులో ఉన్నవేవీ నేను కొలవలేదు. ఇంటికి పదహారు సార్లు రాలేదు. రెండుసార్లు వచ్చాను. ఆ రెండుసార్లు కూడా కొలవలేదు. అన్నీ హాస్టల్లో కూర్చుని రాశాను. అమ్మకి ఎన్నాళ్లనుంచి బీపీ ఉందో ఎవరికీ తెలియదు. తలనొప్పి మాత్రం ఏడు నెలల నుంచి ఉంది. డాక్టరుకి ఇది తెలియాలి. తెలిస్తే ఇవాళే మందు మొదలుపెడతారు.”

ఇంత చెప్పడానికి ఆరు రోజులు పట్టింది. చెప్పాక అర నిమిషం కూడా పట్టలేదని తెలిసింది.

తండ్రి పళ్లెంలోనే చెయ్యి కడిగేసుకుని, తువ్వాలుతో శుభ్రంగా తుడుచుకుని, ఫైలు తెరిచాడు. మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటే తిప్పాడు. ఒక్క అంకె మీదా కొట్టివేత లేదు. ఆ సంగతి ఆయనకి ఇప్పుడే కనపడింది.

“ఈ సంతకాలు?” అన్నాడు భార్య వంక చూడకుండా.

“నావే.”

“ఎప్పుడు పెట్టావు?”

“ఒక ఆదివారం.”

“అన్నీనా?”

“అది పడుకుంది” అంది ఆవిడ. అంతకంటే కారణం ఆవిడ దగ్గర లేదు.

పెద్దమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి నడిచింది. తండ్రి కోప్పడితే బాగుండునని కూతురు అనుకుంది. ఆయన లేచి గూట్లోంచి భార్య చెప్పులు తీసి ఆవిడ కాళ్ల దగ్గర పెట్టాడు.

“వేసుకో. బండి పిలుస్తాను. డాక్టరుకి అమ్మాయే చెబుతుంది.”

“నేను రాను.”

“ఏంటి?”

“అది అక్కడికి వచ్చి ఈ మాట చెబుతానంటే నేను రాను” అంది తల్లి. గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుండిపోయింది. “డాక్టరు రాసుకుంటాడు. కాలేజీకి తెలుస్తుంది. మళ్లీ ఏడాదంతా దాన్ని అక్కడ వేస్తారు. అది తినదు, పడుకోదు. మీరు చూశారా అది పడుకుంటే ఎలా ఉంటుందో? నేను చూశాను. నాడి పట్టి చూశాను, ఉందో లేదో అని. నాకేమైనా అయితే అవుతుంది.”

“వదినా, నువ్వైనా చెప్పు దీనికి” అన్నాడు ఆయన వంటింటి వైపు తిరిగి.



“అమ్మా, లే” అంది కూతురు. వెళ్లి ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెప్పు తీసి తల్లి కాలికి తొడగబోయింది. “ఏడాది పోతే పోనీ. నాకిష్టమే ఆ పని. ఈసారి తింటాను, పడుకుంటాను. నీ మీద ఒట్టు.”

“నా మీద ఒట్టు పెట్టకు. నువ్వు నిలబెట్టుకోవు.” తల్లి కాలు వెనక్కి లాక్కుంది. “సంతకం నాది. నేను చెప్పను, నిన్ను చెప్పనివ్వను. వెళ్లి అన్నం...”

ఆ ఆఖరి మాట సరిగ్గా రాలేదు. నాలుక మడత పడినట్టు ముద్దగా వచ్చింది. తల్లికి అది తెలియలేదు. తండ్రికీ తెలియలేదు, ఆయన ఏడుపనుకున్నాడు.

“అమ్మా, ఆ మాట మళ్లీ అను.”

“ఏ మాట?” అంది తల్లి. అదీ ముద్దగానే వచ్చింది.

కూతురు చేతిలోంచి చెప్పు జారిపోయింది. “నాన్నా, బండి” అంది. ఆయన మారు మాట్లాడకుండా వీధిలోకి పరుగెత్తాడు. ఒక చేత్తో తల్లి భుజం ఆనించి పట్టుకుని, ఆ పిల్ల గోడ మీద గడియారం వంక చూసింది. పక్షవాతమైతే ఆసుపత్రిలో మొదట అడిగేది ఎన్నింటికి మొదలైందనే. ఫైలు పక్కన పడి ఉన్న పెన్ను అందుకుని అరచేతిలో రాసుకుంది.

పన్నెండు ఇరవై మూడు.